గెలాక్టికాలో మోర్మన్ జాడలు పట్టుకోవడం ఎలా: ఒక రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ పద్ధతి

‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ అనే పాత అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో మోర్మన్ మతం (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) ఉందట అని ఎవరో చెబితే విని చూడ్డం మొదలుపెట్టినవాళ్ళు రెండు రకాలుగా తయారవుతారు. కొందరికి ఏమీ కనబడదు. రోబోలు, లేజర్ తుపాకులు, డెబ్బైల నాటి హెయిర్ స్టైళ్ళు, అంతే. ఇంకొందరికి అన్నీ కనబడతాయి. తెల్లబట్ట కనిపిస్తే మతం, పన్నెండు అనే అంకె వినిపిస్తే మతం, గడ్డమున్న ముసలాయన వస్తే ప్రవక్త. మొదటి రకంతో గొడవ లేదు, హాయిగా సినిమా చూసి ఇంటికెళ్ళిపోతారు. రెండో రకంతోనే తలనొప్పి. ఈ నాలుగు ముక్కలూ ముఖ్యంగా వాళ్ళ కోసమే.

నేను డాక్‌యార్డ్‌లో ఉద్యోగమంతా వెల్డింగ్ జాయింట్లు చూస్తూ గడిపాను. డీపీ టెస్ట్ అని ఒకటుంటుంది. జాయింటు మీద ఎర్రటి రంగు కొట్టి కాసేపు ఆగి, పైపైన ఉన్నదంతా శుభ్రంగా తుడిచేసి, దాని మీద తెల్లటి పౌడరు స్ప్రే చేస్తాం. నిజంగా పగులుంటే లోపల దాక్కున్న రంగు సన్నటి ఎర్రగీతలా పైకొస్తుంది. గీత రాకపోతే పైన కనిపించింది ఒట్టి గీకుడు మచ్చ. ఇక్కడ చేయాల్సింది కూడా అదే: కనిపించిన ప్రతి పోలికనూ ముందు తుడిచేయడం, తుడిచాక కూడా మిగిలిందేమిటో చూడటం. రిటైరయ్యాక విశాఖ మల్కాపురంలో మా మేడమీద ఆదివారం సాయంత్రాలు కొంతమందిమి కూర్చుని పాత సైన్స్ ఫిక్షన్ చూస్తుంటాం. ఈ పద్ధతి అక్కడే కుదిరింది.

ఏది చూడాలి

గెలాక్టికా అసలు టీవీ సిరీస్. 1978 సెప్టెంబర్ 17న అమెరికాలో ఏబీసీ ఛానల్లో మొదలైంది. మొదటి కథ ‘సాగా ఆఫ్ ఎ స్టార్ వరల్డ్’ను కుదించి కొన్ని దేశాల్లో టీవీకంటే ముందే థియేటర్లలో వదిలారు. తర్వాత ఎపిసోడ్లను అతికించి ‘మిషన్ గెలాక్టికా’, ‘కాంక్వెస్ట్ ఆఫ్ ది ఎర్త్’ అని ఇంకో రెండు సినిమాలు తయారుచేశారు. జగదాంబ థియేటర్లో ఇంగ్లీషు సినిమాలు చూసి పెరిగిన మా వయసువాళ్ళకు దేన్నైనా సినిమాగానే చూడాలని ఉంటుంది. ఈ విషయంలో మాత్రం ఆ సరదా మానుకోండి. మనకు కావలసిన సరుకు ఎక్కువగా ఉన్న రెండు కథలు, ‘లాస్ట్ ప్లానెట్ ఆఫ్ ది గాడ్స్’, ‘వార్ ఆఫ్ ది గాడ్స్’, ఆ అతుకుల సినిమాల్లో లేవు. రెండూ రెండేసి భాగాల ఎపిసోడ్లు. మొదటి కథ, ఈ రెండూ చూస్తే చాలు. మిగతావి మీ ఇష్టం. అందులో ఓ రోబో కుక్క ఉంటుంది, పిల్లలకు నచ్చుతుంది.

ఆ మొదటి ప్రసారం రాత్రి ఒక చిత్రం జరిగింది. శాంతి ఒప్పందం పేరుతో సైలాన్‌లనే రోబో శత్రువులు మోసం చేసి మనుషుల గ్రహాలన్నీ నాశనం చేయడంతో కథ మొదలవుతుంది. అది నడుస్తుండగా మధ్యలో ఆపి, ఈజిప్టు ఇజ్రాయెల్‌ల మధ్య కుదిరిన క్యాంప్ డేవిడ్ ఒప్పందం వార్త వేశారు. జాడలతో దీనికి సంబంధం లేదు, కానీ చెప్పకుండా ఉండలేను.

చూసేముందు అరగంట చదువు

మోర్మన్‌ల గురించి పుస్తకాలకు పుస్తకాలు చదవక్కర్లేదు. ఈ కొంచెం తెలిస్తే సరిపోతుంది.

1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు ‘మోర్మన్ గ్రంథం’ అచ్చువేయించి, అదే ఏడాది సంఘం స్థాపించాడు. క్రీస్తుకు దాదాపు 600 ఏళ్ళ ముందు యెరూషలేము వదిలి, ఓడలో అమెరికా చేరిన ఒక కుటుంబం, వాళ్ళ సంతతి కథ అందులో ఉంటుంది. ఈ కొత్త సంఘాన్ని చుట్టుపక్కలవాళ్ళు ఎక్కడా స్థిమితంగా ఉండనివ్వలేదు. 1838లో మిస్సోరీ గవర్నరు వీళ్ళను రాష్ట్రం నుంచి వెళ్ళగొట్టాలని, లేదంటే నిర్మూలించాలని ఉత్తర్వే ఇచ్చాడు. 1844లో ఇల్లినాయ్‌లో జైల్లో ఉన్న స్మిత్‌ను గుంపు కాల్చి చంపింది. తర్వాత బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో బళ్ళు కట్టుకుని మైదానాలు దాటి 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయ చేరారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న జనం, ముసలి నాయకుడు, పాత బళ్ళ వరుస, ఎక్కడో ఉన్న చోటు కోసం ప్రయాణం. ఈ బొమ్మ మనసులో పెట్టుకోండి.

నమ్మకాల్లో నాలుగు సంగతులు చాలు. ఒకటి, వాళ్ళ పవిత్ర గ్రంథాల్లో ఒకటైన ‘అబ్రాహాము గ్రంథం’లో కోలోబ్ అనే నక్షత్రం వస్తుంది. దేవుడి సింహాసనానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది అదే. రెండు, సంఘం అధ్యక్షుడి తర్వాత పెద్దలు పన్నెండు మంది అపొస్తలులు. ఆ బృందం పేరు క్వోరమ్ ఆఫ్ ది ట్వెల్వ్. మూడు, వాళ్ళ ఆలయంలో జరిగే పెళ్ళి చావుతో తెగిపోదు. ఈ లోకానికీ, నిత్యత్వమంతటికీ కలిపి ముద్ర వేస్తారు. సీలింగ్ అంటారు. నాలుగు, మనిషి ఎదిగి ఎదిగి దేవుడిలాంటివాడు కాగలడు. సంఘానికి అయిదో అధ్యక్షుడైన లోరెంజో స్నో దీన్ని ద్విపదలా రెండు ముక్కల్లో పెట్టాడు: మనిషి ఇప్పుడెలా ఉన్నాడో దేవుడూ ఒకప్పుడలాగే ఉన్నాడు, దేవుడు ఇప్పుడెలా ఉన్నాడో మనిషీ అలా కాగలడు. మిగతా క్రైస్తవ సంఘాలు చాలావరకు ఒప్పుకోని మాట ఇది. అందుకే మన పనికి ఇదే అన్నిటికంటే విలువైనది.

నోటు పుస్తకంలో మూడు గడులు

మొదటి గడిలో తెరమీద కనిపించింది లేదా వినిపించింది రాయండి, వ్యాఖ్యానం లేకుండా. రెండో గడిలో ఇదే సంగతి ఇంకెక్కడెక్కడ ఉందో రాయండి. బైబిల్లోనా, గ్రీకు పురాణాల్లోనా, మన దగ్గరా, ఆ కాలంలో వచ్చిన వేరే సినిమాల్లోనా? మూడో గడి దారి. ఆ సంగతి మోర్మన్ మతంలోంచి ఈ కథలోకి ఏ మనిషి చేతుల మీదుగా వచ్చింది?

గెలాక్టికాకు మూడో గడి నింపడం సులువు. దీని సృష్టికర్త గ్లెన్ లార్సన్ ఆ సంఘం సభ్యుడే. ‘నైట్ రైడర్’లో మాట్లాడే కారు గుర్తుందా? అదీ ఆయనదే. అరవైల చివర్లోనే ‘ఆడమ్స్ ఆర్క్’ పేరుతో ఇలాంటి కథ ఒకటి అనుకున్నాడు. అయినా ఎపిసోడ్ మొదట్లో రచయిత పేరు చూడందే మూడో గడి నింపకండి. మొదటి కథ, ‘వార్ ఆఫ్ ది గాడ్స్’ లార్సన్ రాసినవి. ‘లాస్ట్ ప్లానెట్’ను డొనాల్డ్ బెల్లిసారియోతో కలిసి రాశాడు. వేరేవాళ్ళు రాసిన ఎపిసోడ్లో పోలిక కనిపిస్తే దానికి తూకం తక్కువ వేయండి.

ఈ దారి అనే గడి ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక కోర్టు కేసు ఉంది. స్టార్ వార్స్‌ను కాపీ కొట్టారని ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ 1978లోనే గెలాక్టికా తీసిన యూనివర్సల్ మీద దావా వేసి, 34 పోలికలు జాబితా ఇచ్చింది. కింది కోర్టు కొట్టేసింది. 1983లో అప్పీలు కోర్టు, ఇది విచారణ జరిపి తేల్చాల్సిందేనని వెనక్కి పంపింది. రెండింటికీ బొమ్మలు గీసిన రాల్ఫ్ మెక్వారీ ఒక్కడే, రెండింటిలో ఎఫెక్టుల పని చూసిన జాన్ డైక్‌స్ట్రా ఒక్కడే అని తెలిశాక అంతరిక్ష ఓడలు ఎందుకు ఒకేలా ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు. మనిషి దొరికితే దారి దొరికినట్టే.

తుడవడం మొదలుపెట్టండి: బైబిల్ తెలిసిన మనిషి కావాలి

మీ గుంపులో బైబిల్ బాగా చదివినవారు ఒకరైనా ఉండాలి. మాకు పక్కింటి రిటైర్డ్ పాస్టరు గారున్నారు. మొదటి కథలో అడామా అనే కమాండరు, మిగిలిన జనాన్ని దొరికిన ఓడల్లోకి ఎక్కించి తీసుకుపోతుంటే మా మేనకోడలు ఉత్సాహంగా పుస్తకం తెరిచింది. “మామయ్యా, బ్రిగమ్ యంగ్! రాసీనా?” పాస్టరు గారు మురీ మిక్చర్ పొట్లం పక్కన పెట్టకుండానే, “ఆగమ్మా. అది నిర్గమకాండం. మోషే. అందరిదీ” అన్నారు.

సరిగ్గా ఇదే తుడవడం. వెలివేసిన జనం, నాయకుడు, వాగ్దాన భూమి అనే కథ యూదులది, క్రైస్తవులందరిది. పైగా మోర్మన్‌లు కూడా తమ ప్రయాణాన్ని నిర్గమకాండంతోనే పోల్చుకున్నారు. అందుకే ఇది ఎర్రగీత కాదు. కొట్టేయకుండా పెన్సిల్‌తో పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి, చాలు.

కథలో మనుషులుండే పన్నెండు గ్రహాలూ అంతే. ఇశ్రాయేలు గోత్రాలు పన్నెండు, రాశులూ పన్నెండు. కాప్రికా, స్కార్పియా, వర్గన్ అని పేర్లు వినగానే మకరం, వృశ్చికం, కన్య అని పంచాంగం చూసే ఎవరైనా చెప్పేస్తారు. లార్సన్ రాశుల్ని నేరుగా వాడేశాడు. ఎప్పుడో విడిపోయి భూమి వైపు వెళ్ళిన పదమూడో గోత్రం అనే ముక్క మాత్రం కాస్త ఆసక్తిగా ఉంటుంది. యెరూషలేము నుంచి విడిపోయి సముద్రం దాటిపోయిన కుటుంబం మోర్మన్ గ్రంథంలో ఉంది కదా. కానీ తప్పిపోయిన గోత్రాల కథలు మోర్మన్‌లకంటే ఎంతో పాతవి. బహుశా అని రాసుకోండి.

మొదట్లో వినిపించే వ్యాఖ్యానం ఇంకా జారుడు. ఈజిప్షియన్లు, టోల్టెక్‌లు, మాయన్‌లు ఆకాశం నుంచి వచ్చినవాళ్ళ సంతతి కావచ్చు అంటుంది. అమెరికా ఖండపు పాత జనాల ప్రస్తావన రాగానే మోర్మన్ గ్రంథం అనిపిస్తుంది. అయితే 1968లో ఎరిక్ ఫాన్ డానికెన్ పుస్తకం వచ్చాక, డెబ్బైల్లో ప్రపంచమంతా పిరమిడ్లు కట్టింది గ్రహాంతరవాసులే అని ఊగిపోయింది. ఆ గాలి తగలని సైన్స్ ఫిక్షన్ అప్పట్లో తక్కువ. ఈ ఒక్క ఎంట్రీ మీద మా మేనకోడలికీ పాస్టరు గారికీ రాజీ కుదరలేదు. నా ఓటు డానికెన్‌కే.

ఇప్పుడు ఎర్రగీతలు

మనుషులందరి పుట్టిల్లు అయిన గ్రహం పేరు కోబోల్. కోలోబ్‌లో రెండు అక్షరాలు అటూ ఇటూ చేస్తే కోబోల్. బైబిల్లో ఈ పేరు లేదు, గ్రీకుల్లో లేదు, డానికెన్‌లో లేదు. రాసినాయన సంఘం పాడుకునే కీర్తనల్లో ఉంది. ‘కోలోబ్‌కు ఎగిరిపోగలిగితే’ అని మొదలయ్యే పాట ఒకటి ఆ సంఘంలో 1856 నుంచీ ఉంది. మూడు గడులూ నిండాయి. ఇది పక్కా.

ఇక్కడ మనవాళ్ళు ఒక పొరపాటు దారి పట్టే వీలుంది, ముందే చెబుతున్నాను. అబ్రాహాము గ్రంథం ప్రకారం కోలోబ్ ఒక్కసారి తిరిగితే దేవుడికి ఒక రోజు, మనకు వెయ్యేళ్ళు. వినగానే మా గుంపులో ఒకరు “బ్రహ్మకు పగలంటే వెయ్యి మహాయుగాలు కదా, మనదే పట్టుకెళ్ళారు” అన్నారు. పాస్టరు గారు తొంభయ్యో కీర్తన, రెండో పేతురు మూడో అధ్యాయం చెప్పారు. దేవుడి దృష్టిలో వెయ్యేళ్ళు ఒక దినం అని అక్కడే ఉంది. స్మిత్‌కు బైబిల్ బాగా తెలుసు, మన పురాణాలు ఆయన చేతికి అందిన దాఖలా లేదు. దారి ఎటుందో చూడండి మరి. అంకెలు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు.

రెండోది పన్నెండు మంది పెద్దల సభ. కథలో ఒకచోట కౌన్సిల్ అంటారు, ఒకచోట క్వోరమ్ అంటారు. పన్నెండు మంది శిష్యులు క్రైస్తవులందరికీ ఉన్నారు, నిజమే. కానీ పన్నెండు మందితో పాలక సభ పెట్టి దానికి క్వోరమ్ అని పేరు పెట్టడం సాల్ట్ లేక్ అలవాటు. మన దగ్గర క్వోరమ్ అంటే మీటింగుకు సరిపడా జనం వచ్చారా లేదా అనే లెక్కే కదా. పక్కా అనే రాయండి. అయితే ఒకటి గమనించండి. కథలో ఆ సభ చేసే పని చాలాసార్లు భయపడటం, తొందరపడటం, శత్రువును నమ్మడం. తన మతంలో పూజ్యమైన పేరు తెచ్చి దద్దమ్మల సభకు పెట్టాడాయన. ప్రభావం అంటే ప్రచారం అనుకునేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగాలి.

మూడోది ‘లాస్ట్ ప్లానెట్’లో పెళ్ళి. అడామా కొడుకు అపోలో, సెరీనా పెళ్ళి చేసుకుంటారు. సెరీనాగా వేసింది జేన్ సీమూర్. అడామా తనే పెళ్ళి జరిపిస్తూ, ఈ బంధం ఇప్పటికి మాత్రమే కాదు, నిత్యత్వాలన్నిటికీ అని అర్థం వచ్చే మాట అంటాడు. మామూలు చర్చి పెళ్ళిలో చావు విడదీసేవరకు అంటారు. ఆ తేడా చెవిన పడాలంటే ఆ దృశ్యం రెండుసార్లు వేయాలి. మొదటిసారి అందరూ బట్టలు చూస్తారు. మనం ఏడేడు జన్మలు అనే మాట విని విని ఉన్నాం కాబట్టి మన చెవికి ఇందులో కొత్తేమీ అనిపించదు, దాటిపోతాం. పాస్టరు గారు మాత్రం కుర్చీలో ముందుకు జరిగి, “ఈ మాట మా దాంట్లో లేదే” అన్నారు. మన పనికి అంతకంటే మంచి మీటరు లేదు. సెరీనా కథలో ఎక్కువకాలం బతకదు, కోబోల్ మీదే సైలాన్‌ల చేతిలో చనిపోతుంది. నిత్యత్వం అన్న మాట తర్వాత ఆ చావు వస్తే ఆ మాట ఇంకోలా వినిపిస్తుంది. సిరీస్ మొత్తంలో నాకు నచ్చిన రాత ఇదే.

‘వార్ ఆఫ్ ది గాడ్స్’ దగ్గర నిదానించండి

1979 జనవరిలో వచ్చిన ఈ రెండు భాగాల్లోనే చిక్కటి సరుకు ఉంది. ఒక గ్రహం మీద కూలిన ఓడ పక్కన కౌంట్ ఇబ్లిస్ అనే మనిషి దొరుకుతాడు. మాటకారి, అద్భుతాలు చేస్తాడు. మీకు కావలసింది ఇస్తాను, నన్ను నాయకుడిగా ఒప్పుకోండి అంటాడు. ఇబ్లిస్ అంటే ఎవరో మన కోటవీధిలో ఏ ముస్లిం కుర్రాడిని అడిగినా చెబుతాడు: సైతాను. కాబట్టి పేరు ఇస్లాం నుంచి వచ్చింది, మోర్మన్ గడిలో వేయకండి. మరి పాత్ర?

సైతాను ఆశ చూపడం అన్ని క్రైస్తవ సంఘాల్లోనూ ఉంది. తుడవండి. తుడిచాక మిగిలేది ఇది: ఇబ్లిస్‌కు తనను స్వేచ్ఛగా ఎంచుకున్నవాళ్ళ మీదే అధికారం ఉంటుంది. కథంతా ఆ ఎంచుకోవడం చుట్టూనే తిరుగుతుంది. మోర్మన్ గ్రంథాల్లోని మోషే గ్రంథం నాలుగో అధ్యాయంలో సైతాను పతనానికి కారణమే అది. ఒక్క ఆత్మ కూడా తప్పిపోకుండా అందరినీ నేనే రక్షిస్తాను, ఘనత నాకివ్వు అంటాడు. మనిషి ఎంచుకునే హక్కును లాగేసుకోబోయాడని అతన్ని తోసేస్తారు. సుఖం హామీ ఇచ్చి ఇష్టాన్ని అడిగే ఇబ్లిస్ ఆ సైతానుకు బాగా దగ్గర. స్వేచ్ఛాసంకల్పం గురించి మిగతా క్రైస్తవులూ చాలానే మాట్లాడారు కాబట్టి నేనైతే పక్కాకు ఒక్క మెట్టు కింద పెడతాను.

తర్వాత వచ్చేదానికి మెట్లేమీ అక్కర్లేదు. షీబా అనే పైలట్‌ను కాపాడబోయి అపోలో ఇబ్లిస్ చేతిలో చనిపోతాడు. వెలుగుతో నిండిన ఒక ఓడలోని జీవులు వాళ్ళను పైకి తీసుకెళ్తాయి. చుట్టూ తెలుపు, వాళ్ళ బట్టలూ తెలుపు. అపోలోకు ప్రాణం తిరిగి వస్తుంది. మీరెవరని అడిగితే ఆ జీవులు చెప్పే జవాబు ఇలా ఉంటుంది: మీరిప్పుడున్నట్టే మేమూ ఒకప్పుడుండేవాళ్ళం, మేమిప్పుడున్నట్టు మీరూ కాగలరు. ఇక్కడ పాజ్ కొట్టండి. ముందు రాసుకున్న లోరెంజో స్నో మాట పక్కన పెట్టండి. వరుస అదే, తూగు అదే. దేవుడు, మనిషి అన్న పేర్లు తీసేసి మేము, మీరు అని పెట్టాడు, అంతే. మనకు అహం బ్రహ్మాస్మి గుర్తొస్తుందని మా గుంపులో ఒకరు అన్నారు. గుర్తురావడం వేరే సంగతి. అది ఇప్పుడే, ఇక్కడే నేను అదే అంటుంది. ఇది మెట్టు మెట్టుగా ఎదిగి రేపు అలా కావడం గురించి. ఆ తేడా గడిలో రాయకపోతే పోలిక రాసినట్టు కాదు.

ఈ సిరీస్ నుంచి ఒక్క సాక్ష్యమే తెచ్చుకోవచ్చు అంటే నేను తెచ్చేది ఇదే. కోబోల్ ఒట్టి పేరు, ఎవరైనా సరదాకు పెట్టుకోవచ్చు. ఇది నమ్మకం.

ఎదురు సాక్ష్యం కూడా రాయాలి

ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో బాగున్నదీ రాయాలి, బాగులేనిదీ రాయాలి. మోర్మన్‌లు మందు, పొగాకు, టీ, కాఫీ ముట్టరు. గెలాక్టికాలో అందరికీ ఇష్టమైన హీరో స్టార్‌బక్ నోట్లో చుట్ట లేకుండా కనిపించడం అరుదు, జూదం ఆడతాడు, ఆడపిల్లల వెంట తిరుగుతాడు. పైలట్లు ఆంబ్రోసా అనే మద్యం తాగుతారు. పేర్లేమో అపోలో, అథీనా, కాసియోపియా, అన్నీ గ్రీకులవి. పైలట్ల హెల్మెట్లు ఈజిప్టు రాజుల తలపాగాల్లా ఉంటాయి. ఇవన్నీ పుస్తకం చివరి పేజీలో వేసుకోండి. ఇది మతబోధ కోసం తీసింది కాదు. టీవీ కోసం వేగంగా కథలు రాసే ఒక మనిషి, దేవుళ్ళ గురించి రాయాల్సి వచ్చినప్పుడు తనకు తెలిసిన దేవుడి దగ్గరికి వెళ్ళాడు. దానికి మించి నేను ఏమీ అనను.

కొత్త గెలాక్టికాతో జాగ్రత్త

2003లో రొనాల్డ్ మూర్ ఈ కథను మళ్ళీ మొదటినుంచి రాశాడు. 2009 దాకా నడిచింది. మా కుర్రాళ్ళకు ఇదే ఇష్టం. విశాఖవాళ్ళకు ఇందులో ఒక ముచ్చట ఉంది. కథ మొదలయ్యేసరికి గెలాక్టికా ఓడను సర్వీసు నుంచి తీసేసి మ్యూజియంగా మారుస్తుంటారు. బీచ్‌రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసిన మన కళ్ళకు ఆ వీడ్కోలు సభ సొంత ఇంటి ఫంక్షన్‌లా ఉంటుంది. దాన్ని అడగకుండా మళ్ళీ యుద్ధానికి తీసుకుపోతారు.

ఇందులో కోబోల్ ఉంది, క్వోరమ్ ఉంది, పన్నెండు గ్రహాలున్నాయి. కానీ ఇవి వారసత్వంగా వచ్చిన సామాన్లు. మనుషులు ఇక్కడ జియస్, అథీనా లాంటి బహుదేవతల్ని కొలుస్తారు. ఒక్కడే దేవుడు అనేది వాళ్ళను చంపడానికి వచ్చిన సైలాన్‌లు. మోర్మన్ పేరు తగిలించిన చోట మోర్మన్ భావం లేదు. మూడో గడిలో లార్సన్ నుంచి మూర్‌కు అని రాయాలి తప్ప, సాల్ట్ లేక్ నుంచి మూర్‌కు అని రాయకూడదు.

దీని టైటిల్ సంగీతం వినండి. రిచర్డ్ గిబ్స్ చేశాడు. అమెరికా ప్రసారంలో వినిపించే ఆ పాటలో మాటలు గాయత్రీ మంత్రం. తత్సవితుర్వరేణ్యం అని స్పష్టంగా తెలుస్తుంది. మా మేడమీద ఇది మొదటిసారి మోగినప్పుడు గోల గోల అయిపోయింది. ఇక కథలో యుగాలు, పునర్జన్మలు వెతకడమే పని. నేను మూడో గడి చూపించాను. మంత్రం సంగీత దర్శకుడి చేతుల మీదుగా టైటిల్స్‌లోకి వచ్చింది. అక్కడి నుంచి కథలోకి వచ్చిందనడానికి మీ దగ్గర ఏముంది? గాయత్రి వినబడగానే సిరీస్ హిందూది అయిపోదని ఒప్పుకున్నవాళ్ళకు, కోబోల్ వినబడగానే సిరీస్ మోర్మన్‌ది అయిపోదని వేరే చెప్పే పని ఉండదు. కొత్తవాళ్ళకు పద్ధతి నేర్పాలంటే ముందు ఈ పాటే వేయండి.

పుకార్లు

స్టార్ వార్స్ యోడా ముఖం అప్పటి సంఘం అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్‌ను చూసి చేశారని మోర్మన్‌లలోనే ఒక సరదా పుకారుంది. ఫోటోలు పక్కపక్కన పెడితే నవ్వొస్తుంది కూడా. యోడాను మలిచిన స్టువర్ట్ ఫ్రీబోర్న్ మాత్రం తన ముఖం, ఐన్‌స్టీన్ ముడతలు కలిపానని చెప్పాడు. చేసినవాడు చెప్పాక ఫోటోలతో పని లేదు. ఇలాంటివి వచ్చినప్పుడు అయిదు నిమిషాలకు మించి ఇవ్వకండి.

నలుగురిలో చూసేటప్పుడు

మోర్మన్‌లు ఎక్కడో అమెరికాలోనే ఉంటారనుకోకండి. విశాఖలోనూ ఆ సంఘం సభ్యులున్నారు, మోర్మన్ గ్రంథం తెలుగులోనూ ఉంది. తమను మోర్మన్‌లు అనకుండా యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం అని పూర్తి పేరుతో పిలవమని 2018లో వాళ్ళ అధ్యక్షుడు కోరారు. సభ్యులు ఎవరైనా మీ గుంపుకు వస్తే ఆ పేరే వాడండి. నేనిక్కడ పాత పేరు వాడింది వెతికేవాళ్ళకు దొరకాలని. వాళ్ళ ఆలయంలో లోపల జరిగే తంతు గురించి గుచ్చి గుచ్చి అడగకండి, బయట మాట్లాడరు. పెళ్ళి దృశ్యం వేసేటప్పుడు మన సిరీస్‌లోని మాట మీదే ఉండండి. బహుభార్యాత్వం జోకులు తప్పకుండా ఎవరో ఒకరు మొదలుపెడతారు. సంఘం 1890లోనే దానికి స్వస్తి ప్రకటించిందని ఒక్క ముక్క చెప్పి ప్లే నొక్కేయండి.

ఒక్క సాయంత్రమే ఉందంటే ‘వార్ ఆఫ్ ది గాడ్స్’ రెండు భాగాలూ చూసి, మిగిలిన టైములో ‘లాస్ట్ ప్లానెట్’లో పెళ్ళి దృశ్యం వేయండి. మొదటి కథ తర్వాతైనా చూడొచ్చు. ఇది బాగా వంటబట్టాక ఆర్సన్ స్కాట్ కార్డ్ ‘ఎండర్స్ గేమ్’ మీద ఇవే మూడు గడులు వేసి చూడండి. ఆయనదీ అదే సంఘం కాబట్టి మూడో గడి తేలికే, మొదటి గడిలో రాయడానికే వెతుక్కోవాలి. అదే రచయిత ‘హోమ్‌కమింగ్’ నవలలైతే మోర్మన్ గ్రంథం కథ మీదే కట్టినవి కాబట్టి అందులో పరీక్ష ఏమీ ఉండదు. వాటిని ముందు చేత పట్టుకోకండి.